మంత్రాలయ్య స్విచ్చి

మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గానీ, మంత్రాలయ్య గొణిగితే ఆ పాత వ్యాను మాత్రం కదిలేది. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తాళంచెవిని వెంట్రుకవాసి బయటికి లాగి, ఎడమకి నొక్కి, స్టీరింగు కింద మోకాలితో ఒక్క పోటు పొడిచి, పెదాలు కదిపితే చాలు, ఇంజను అందుకునేది. ఇంకెవరు తిప్పినా ఉలకదు, పలకదు. కుట్టుపని చేసే ఆడవాళ్లను కార్ఖానాకి తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపే ఉద్యోగం అతనికి ఇన్నేళ్లు నిలిచిందంటే అదంతా తాళంచెవి వెనకుండే అరిగిన స్విచ్చి పుణ్యమే. యజమానురాలు మార్పిద్దామన్నప్పుడల్లా, ఈ మోడలుకి స్విచ్చిలు చెయ్యడం ఎప్పుడో ఆపేశారమ్మా అని నమ్మబలికేవాడు.

మొన్న వాలులో దిగుతుంటే నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. బ్రేకు బిగుసుకుపోయి, ఎంత తొక్కినా సరిగా పట్టలేదు. లోపలున్న వాళ్ల పైప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో మట్టిగట్టుకి ఆనించి ఆపాడు. మర్నాడే యజమానురాలి అల్లుడు బజారుకెళ్లి కొత్త స్విచ్చి తెచ్చాడు. మొదటి కొట్లోనే దొరికిందట.

ఆవిడ పాత అబద్ధం ఊసెత్తలేదు. నువ్వే బిగించు బాబాయ్, ఇకనుంచి మా అల్లుడు కూడా అప్పుడప్పుడు నడుపుతాడులే అంది. ఆ అప్పుడప్పుడుకి అర్థమేమిటో తెలియనంత అమాయకుడు కాదు మంత్రాలయ్య.

బ్యాటరీ తీగ విప్పి, స్టీరింగు కిందికి వెల్లకిలా దూరాడు. రెండు మరలు తిప్పి పాత స్విచ్చి ఊడదీశాడు. లోపలి రాగి రేకులు అరిగి, కాలి నల్లబడ్డాయి. కొత్తది బిగించాడు. ఇక తీగల ప్లగ్గు టక్కుమనే దాకా నొక్కితే పని అయిపోయినట్టే. అక్కడ అతని చెయ్యి ఆగింది. ఈ వయసులో పిలిచి పనిచ్చేవాళ్లెవరు? టక్కుమనకముందే వదిలేశాడు. సిగ్గేసింది. అయినా వదిలేశాడు.

బ్యాటరీ తగిలించాక అల్లుడు తాళం తిప్పి చూశాడు. చడీచప్పుడు లేదు. మంత్రాలయ్య కూర్చుని, గొణిగి, మోకాలితో పొడిచాడు. వదులు ప్లగ్గు కాస్త అతుక్కుని ఇంజను మోగింది. పని ముగించుకుని వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లు పకపకా నవ్వారు. కొత్త స్విచ్చికి కూడా మన బాబాయ్ మంత్రమే కావాలట అని ఒకావిడ మేలమాడింది.

అల్లుడు నవ్వలేదు. పట్టిన పట్టు విడిచే రకం కాదతను. ఇంజను ఎలాగూ నడుస్తోంది, ఇవాళ నేనే దింపి వస్తానని సీట్లోకి ఎక్కాడు. మంత్రాలయ్య ఇంకొక్కసారి చూస్తానని బతిమాలాడు. నడుస్తున్నదాన్ని చూసేదేముందని అల్లుడు వినలేదు. ఆడవాళ్లు ఎక్కారు. అక్కడే కుట్టుపని చేసే మంత్రాలయ్య కూతురు ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది.

గేటు తియ్యమన్నాడు అల్లుడు.

మంత్రాలయ్య గడియ మీద చెయ్యి వేశాడు. గేటు దాటితే గుంతలు, గుంతలు దాటితే వాలు. ఒక్క కుదుపుకి ఆ ప్లగ్గు ఊడుతుంది. చెబితే పనీ పోతుంది, పరువూ పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది. అల్లుడు విసుగ్గా హారను కొట్టాడు. మంత్రాలయ్య గేటుకి వీపు ఆనించి నిలబడిపోయాడు.

"ఆపు బాబూ. ప్లగ్గు నేనే వదులుగా పెట్టాను."

ఇంజను ఆగింది. మంత్రాలయ్య వచ్చి, కూతురి మొహం చూడకుండా స్టీరింగు కిందికి వంగి, ప్లగ్గు టక్కుమనే దాకా నొక్కాడు.

"ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"పని పోతుందని భయమేసిందమ్మా."

"మేం పోయినా ఫర్వాలేదా?"

అతను తల వంచుకుని పక్కకి తప్పుకున్నాడు. అల్లుడు తాళం తిప్పాడు. తొలిసారికే ఇంజను అందుకుంది. మంత్రాలయ్య వెళ్లి గేటు తీశాడు.