మూడు పెట్టకూడదన్న పద్మ

మా చిన్నప్పటి ఢిల్లీలో లెక్కల ట్యూషన్ సర్ అంటే దేవుడితో సమానం... మా కాలనీ సర్ అయితే ప్రశ్న అడిగితే చాలు, మండిపడే దేవుడు. ముందు గదిలో చాప మీద ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఆయనకు వచ్చిన మంత్రం ఒక్కటే... "పహలే కాటో!" ముందు కొట్టేయండి! పైనా కిందా ఒకే ముక్క కనిపిస్తే ఇంక బుర్రతో పనే లేదు.

పదకొండో తరగతిలో ఓ రోజు బోర్డు మీద ఒక భిన్నం రాశారు. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది, కింద ఎక్స్ మైనస్ మూడు. ఇందులో ఎక్స్‌కు ఏ విలువ ఇవ్వకూడదు? సర్ చకచకా కొట్టేశారు. ఎక్స్ ప్లస్ మూడు మిగిలింది. ఏ విలువైనా ఇవ్వొచ్చని తేల్చేశారు.

మా పక్క క్వార్టర్ పద్మ లేచి నిలబడింది. "సర్, తీన్ రఖేంగే తో నీచే జీరో ఆయేగా." మూడు పెడితే కింద సున్నా వస్తుంది కదా అని.

"అరే మద్రాసీ, జో కట్ గయా, వో ఖతమ్!" కొట్టేశాక ఇంక లేనట్టేనట... బ్యాచంతా పగలబడి నవ్వింది.

పద్మ నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే."

ముందురోజే మా వరండాలో నాకు విడమరిచి చెప్పింది... కొట్టేయకముందే కింద సున్నా ఎప్పుడొస్తుందో చూసుకోవాలని, ఆ విలువను తీసేయాలని. నాకు బాగా తెలుసు.

సర్ నన్నే అడిగారు. "తుమ్ బతావో. తీన్ చలేగా?" నువ్వు చెప్పు, మూడు పెట్టొచ్చా అని.

"చలేగా సర్" అన్నాను... పెట్టొచ్చనేశాను.

పద్మ పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ట్యూషన్‌కు రాలేదు... నాతో మాట్లాడనూ లేదు.

స్కూలు పరీక్షలో అచ్చం అలాంటి లెక్కే వచ్చింది. పద్మ చెప్పినట్టే రాశాను. ట్యూషన్ బ్యాచిలో నా ఒక్కదానికే మార్కులు. సర్ సిగ్గు లేకుండా నా పేపరు అందరికీ చూపించి, "మైనే యహీ పఢాయా థా" అన్నారు. తను నేర్పింది ఇదేనట! నా భుజం తట్టారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఇప్పటి పిల్లలు ఫోన్ నొక్కి, సర్ తప్పును సర్ ముందే చూపిస్తున్నారు... ఆయనంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. కానీ ఆ రోజు మూడు పెట్టకూడదని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. అందుకే నేనంటే ఇంకాస్త ఎక్కువ.

మీకూ ఒక పద్మ ఉంటే, ఆ పేరు ఇక్కడైనా రాయండి... నేను రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.