పునాది ఒక్కటే ఉండాలి

మా వదిన కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. డాక్టరు రాసిచ్చిన నంబరు చూసి అద్దాన్ని మిషను మీద అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాలి. షాపు వెనక గదిలో ఆ పనిలో ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలకదు. ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు కూర్చున్నా అంతే. అక్కడ ఆమె ఒక వీడియో గేముకు మాడ్లు రాస్తుంది. మాడ్ అంటే ఆట తయారుచేసిన కంపెనీ కాకుండా, ఆడేవాళ్లే రాసి ఆటకు తగిలించుకునే అదనపు ముక్క.

ఇదంతా పిచ్చుక కోసం. పిచ్చుక మా అన్నయ్య కూతురు. నోరు మూతపడదని వాళ్ల నాన్న పెట్టిన పేరు. చెవులకు మిషన్లున్నా వెనకనుంచి వచ్చే చప్పుడు దానికి సరిగా అందదు. ఆ ఆటలో ఆపదలన్నీ వెనకనుంచే వస్తాయి. క్లాసు పిల్లలతో ఎప్పుడు ఆడినా మొదట అవుటయ్యేది అదే. అందుకే వదిన శబ్దాలను తెర అంచున చూపించే మాడ్లు రాసింది. ఒకటి అడుగుల చప్పుడుకు, ఒకటి పక్కవాళ్ల మాటలకు, ఒకటి వానకూ ఉరుములకూ. చప్పుడు ఏ దిక్కునుంచి వచ్చిందో లెక్కకట్టే పని మూడింటికీ అవసరమే కాబట్టి దాన్ని విడిగా ‘పునాది’ అనే లైబ్రరీగా, అంటే మూడూ వాడుకునే ఉమ్మడి కోడుగా పెట్టింది. అన్నిటినీ ఒకే పెద్ద ప్రాజెక్టు కింద చేర్చి, ముందు పునాది, దాని మీద మిగతావి తయారయ్యేలా అమర్చుకుంది. రాసిన కోడును అలా ఆటలో నడిచే రూపానికి తేవడమే బిల్డ్.

ఆ వారం ఆటకు కొత్త వెర్షన్ వచ్చింది. మాడ్లన్నీ మూలపడ్డాయి. శనివారం మధ్యాహ్నం క్లాసు పిల్లలను ఆటకు పిలుచుకుంది పిచ్చుక.

నేను శనివారం పొద్దున మా పసిదాన్ని ఎత్తుకుని వెళ్లేసరికి వదిన పళ్లు కూడా తోముకోలేదు. పునాదిని కొత్త వెర్షనుకు తగ్గట్టు మార్చేసింది. బిల్డ్ సాఫీగా నడిచింది. అడుగుల మాడ్, మాటల మాడ్ పనిచేస్తున్నాయి. వాన మాడ్ తగిలిస్తే మాత్రం ఆట తెరుచుకుంటూనే మూసుకుపోతోంది.

“ఆ ఒక్కటీ తీసేయ్,” అన్నాడు అన్నయ్య. “వాన కావాలంటే మన బాత్రూం కుళాయి ఉందిగా.”

“కుళాయి బాగుచేయించమని చెప్పి ఎన్నాళ్లయింది?” అంది వదిన, తెర మీంచి కళ్లు తిప్పకుండా. అన్నయ్య వంటింట్లోకి జారుకున్నాడు.

పిచ్చుక తల్లి భుజం తట్టి, ఆమె ఇటు తిరిగాక చెప్పింది. “వాన లేకపోయినా పర్లేదమ్మా. నేను సర్దుకుంటాను.”

“స్కూల్లో సర్దుకుంటున్నావు, చాలు. ఇంట్లో కూడా ఎందుకు?”

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా పసిదాని వెనక నిలబడి, వినిపిస్తోందో లేదోనని చిటికెలు వేసి చూసే అలవాటు నాకుంది. ప్రతిసారీ తల తిప్పుతుంది. అయినా మర్నాడు మళ్లీ వేస్తాను.

“వాన ఒక్కటే పెట్టి చూశావా వదినా?” అని అడిగాను.

“మొదలైంది ఆడపడుచు పెత్తనం,” అంది కానీ పెట్టి చూసింది. మళ్లీ మూసుకుపోయింది. అంటే మాడ్లకు ఒకదానితో ఒకటి గొడవ లేదు, తేడా వానలోనే ఉంది. తప్పుల చిట్టా తెరిచి పైనుంచి చదువుతూ వదిన ఒకచోట ఆగింది.

“ఈ ఫంక్షను నేను మొన్నే పునాదిలోంచి తీసేశాను. తీసేసింది ఎలా పరిగెడుతోంది?”

“పాత పునాది ఇంకా ఎక్కడో ఉందేమో.”

వదిన వాన ఫోల్డరు తెరిచింది. ఒక మూల ఉంది పాత పునాది. పిచ్చుకకు చెవి ఆపరేషనైన రోజుల్లో ఆసుపత్రి వరండాలో, అరువు లాప్‌టాప్‌లో వాన మాడ్ రాస్తూ, ప్రాజెక్టంతా వెంట లేక తయారైన పునాదిని ఒక్కదాన్నే అందులోకి కాపీ చేసుకుంది. ఈ ఫోల్డరులో ఏముంటే అది కలుపుకోమని ఒక లైనూ రాసింది. ఇంటికొచ్చాక అసలు పునాదిని కలిపింది కానీ ఆ లైను తీయడం మరిచిపోయింది. అప్పట్నుంచీ వానకు పునాదులు రెండు. దాని చేతికి ముందు పాతదే తగులుతోంది.

కాపీనీ లైనునూ చెరిపేసి బిల్డ్ నడిపింది. తెర నిండా ఎర్రని తప్పులు. అంతా చెడిందనుకున్నాను నేను. వదిన మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఇన్నాళ్లూ పాత కాపీ వీటిని దాచింది. ఇప్పుడు నిజం చెబుతోంది. ఏమండీ, టీ పెట్టండి.”

ఒక్కో తప్పూ దిద్దుకుంటూ పోయింది. టీ చల్లారింది. పిల్లలు ఆడుకోవడానికి తలో ఫోనూ పట్టుకొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఆట తెరుచుకుంది, తెర అంచున చిన్న మబ్బు బొమ్మ వెలిగింది. వదిన లేచి పిచ్చుకను కూర్చోబెట్టి, పళ్లు తోముకోవడానికి వెళ్లింది.

ఆటలో జోరువాన మొదలైంది. ఆ హోరులో మిగతా పిల్లలకు ఇంకే చప్పుడూ వినిపించడం లేదు. పిచ్చుక తెర మీద మబ్బు పక్కనే అడుగుల బొమ్మ కూడా వెలిగింది.

“ఒరేయ్, నీ వెనకే ఏదో వస్తోంది, తిరుగు,” అంది పక్కవాడితో.

వాడు తిరిగాడు, బతికాడు. ఆ రౌండు అవగానే వదిన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “ఆంటీ, ఆ బొమ్మలు మాక్కూడా వస్తాయా?”

“మీ ఇంటి కంప్యూటరులో ఆట ఏ వెర్షనో కనుక్కుని రా,” అంది వదిన బ్రష్షు చేత్తో పట్టుకునే, మళ్లీ కుర్చీ లాక్కుంటూ.