అద్దం తలుపుకు కాపలా

పోయిన వారం నందిగామలో ఒక ఆసుపత్రికి వెళ్తే, నెలలు నిండని పిల్లల్ని ఉంచే గదిలో మా అల్లుడు చొక్కా గుండీలు విప్పుకుని వాలుకుర్చీలో కూర్చుని, అరచెయ్యంత మనవరాలిని రొమ్ముకు ఆనించుకుని కనిపించాడు. మా అమ్మాయికి ఆపరేషను తరవాత జ్వరం తగ్గలేదు కనక ఆ పని తండ్రికి పడింది. నర్సు అతని చేతికి పాల సిరంజి ఇచ్చి, పిల్ల ముక్కులోని సన్నగొట్టంలోకి ఎంత నెమ్మదిగా దింపాలో చూపించి, రంగు మారితే ఏం చెయ్యాలో, ఊపిరి తడబడితే ఎవర్ని కేకెయ్యాలో తిరిగి ఒప్పజెప్పించుకుని, పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇద్దరు నర్సులు, పదకొండు మంది పిల్లలు. మిగిలిన చేతులన్నీ తల్లిదండ్రులవే. నా భార్యతో పాటు అద్దం తలుపుకి ఇవతల, పిడి మీద చెయ్యి వేసి నిలబడి చూశాను.

ముప్పై అయిదేళ్ళ కిందట జగ్గయ్యపేటలో ఇలాంటి తలుపు ముందే నేను కాపలా కాశాను.

అప్పట్లో పేటలో బడిపంతుల్ని. నా ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సెలవొస్తే చాలు చిల్లకల్లు నుంచి పరిటాల దాకా సైకిళ్ళ మీద తిరిగి సభలు పెట్టి, వెలిగించిన కర్పూరాన్ని నాలుక మీద పెట్టుకుని ఇందులో మహిమేమీ లేదని చూపించేవాళ్ళం, రాహుకాలం చూసుకుని మరీ పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళం. నా పెళ్ళీ అలాగే అయింది. అక్షింతలు లేని ఆ పెళ్ళిలో మా అమ్మ ఒట్టి చేతులతోనే దీవించింది. ఎవరేం చెప్పినా రుజువేదని అడగడం నాకు ఊపిరి. ఆ అలవాటుకి ఇప్పటికీ సిగ్గుపడను. దాన్ని సగమే వాడినందుకు సిగ్గుపడతాను.

మా తొలిచూలు బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టాడు. ఏడో నెల బిడ్డ బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కడని మన వైపు ఒక మాట ఉంది కదా, మా అమ్మ ఆ మాటే అనుకుంటూ నర్సింగ్ హోము గుమ్మంలో కూలబడింది. నెలలు పెరిగేకొద్దీ బిడ్డకి బలం పెరుగుతుందే తప్ప తరగదని నేను అక్కడికక్కడే ఉపన్యాసం దంచాను. చెప్పింది నిజమే. కానీ ఆ క్షణం నుంచి వాడు నాకు కొడుకే కాదు, వాదంలో గెలవాల్సిన పందెం కూడా అయ్యాడు.

అక్కడ ఒక అద్దాల గది, అందులో బల్బుల వేడితో పిల్లల్ని కాచే పెట్టెలు మూడు ఉండేవి. లోపలికి ఎవరూ రాకూడదని తలుపు మీద బోర్డు. పురిటి మైలంటూ బాలింతను ముట్టుకోని ఇళ్ళతో తగువులాడినవాణ్ణే, ఈ ముట్టుకోకపోవడం మాత్రం నాకు సైన్సుగా తోచింది. రెండో రోజు మా అమ్మ ఉగ్గుగిన్నెలో గాడిదపాలు తెచ్చింది. తీసుకెళ్ళి తూములో పారబోశాను. అదీ సరయిన పనే. ఆ కోపం మీద ఉండగానే ఆవిడ ఇంకో మాట చెప్పింది. నేను ఏడో నెలలో పుట్టానట. మా నాయనమ్మ నన్ను రొమ్ముల మధ్య పెట్టుకుని పైన చీర చుట్టుకుని నెల రోజులు అలాగే మోసిందట, పాలకి మాత్రమే అమ్మ చేతికిచ్చేదట. వీణ్ణి కూడా అలా తల్లి గుండెల మీద వేయించమంది. ఒక్కడు బతికితే రుజువైపోదన్నాను. గాడిదపాలతో పాటే ఆ మాటనీ తూములో పోశాను.

ఆ గదిని చూసుకునే నర్సమ్మది కోదాడ అవతల ఏదో పల్లె. ముగ్గురు పసివాళ్ళకీ ఆవిడొక్కతే. మూడో రోజు పొద్దున, మావాడి ఒళ్ళు ఎంతకీ వెచ్చబడటం లేదని, నా భార్యని నడిపించుకుంటూ తలుపు దాకా తీసుకొచ్చింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"జరసేపే సారూ. చేతులు కడుక్కున్నది. తల్లి ఒంటి వేడి తగిలితే పిల్లగాడు కుదురుకుంటడు."

"ఆ బోర్డు ఊరికే పెట్టలేదమ్మా. రోగమేదన్నా అంటుకుంటే నువ్వు పూచీ ఉంటావా?"

"ఉంటా సారూ. నేనొక్కదాన్నే ఎంతకని ఉంటా, మీరూ ఉండాలె గదా."

నేను కదలలేదు. నా భార్య నా మొహంలోకి ఒకసారి చూసి, గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ బోర్డు ఎవరు పెట్టారో, ఏ రుజువు చూసుకుని పెట్టారో నేను ఎవర్నీ అడగలేదు. పూజారిని అడిగే ప్రశ్న డాక్టర్ని కూడా అడగొచ్చని నాకు తోచలేదు. ఆ సాయంత్రం బిడ్డ పోయాడు. అప్పుడు తలుపు తీశారు. వాణ్ణి తల్లి మొదటిసారి ఎత్తుకుంది. కొంగులో చుట్టి, ఇంకా వెచ్చబడతాడేమో అన్నట్టు చాలాసేపు అలాగే పట్టుకుంది.

ఎత్తుకుని ఉంటే బతికేవాడని చెప్పను. దానికి నా దగ్గర రుజువు లేదు, ఎప్పటికీ దొరకదు. తల్లి గుండెల మీదే పోయేవాడేమో. అలా పోయినా అది వేరే చావు. మా అమ్మ ఎనిమిదో నెల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే వాదించి తేలికపడేవాణ్ణి.

నందిగామలో అల్లుడి వంతు అయ్యేసరికి నర్సు బయటికొచ్చి, ఇక అమ్మమ్మగారు రావాలి, మోచేతుల దాకా కడుక్కుని గౌను వేసుకోమంది. అమ్మమ్మ కదలలేదు. నా వైపు చూపించింది.

"ఈయన్ని అడగమ్మా. తలుపు దగ్గర కాపలా ఈయనదే."

నర్సు అది వేళాకోళమనుకుని నవ్వింది. నా భార్య నవ్వలేదు. కోపంగానూ లేదు. నా జవాబు కోసం నిజంగానే ఆగింది. నేను పక్కకి తప్పుకున్నాను. అంతకంటే చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

బిడ్డని గుండెల మీద వేయించమని మా అమ్మ ఆనాడు చెప్పిన మాట ఇప్పుడు ఆ గది గోడ మీద బొమ్మ వేసి మరీ అంటించి ఉంది. అది ఏ ముసలమ్మో చెప్పిందని కాదు, ఎవరో ఓపిగ్గా ఎందరో పిల్లల్ని చూసి, తూచి, తేల్చుకున్నారని. ఆ తేల్చుకునే పని అడగడంతోనే మొదలవుతుంది; నేను అడగలేదు. మనవరాలు ఇంకా అక్కడే ఉంది, గండం గడిచిందని ఎవరూ అనడం లేదు. వంతుల కాగితంలో నిన్న నర్సు తాతయ్య అని కూడా రాసింది. ఇవాళ గంటసేపు ఆ పిల్ల నా రొమ్ము మీద పడుకుంది, పిడికెడు ప్రాణానికి అంత వేడి ఎక్కణ్ణించి వస్తుందో. మావాడు బతికున్న మూడు రోజులూ ఎంత వెచ్చగా ఉన్నాడో నాకు తెలియదు. నేనెరిగింది తరవాతి చల్లదనమే.