నీళ్లు తాగని పడవకు ఇచ్చిన ధ్రువపత్రం

2017 ఏప్రిల్ 17, సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఈ వ్యవహారం మొదలైంది. అప్పట్లో నేను ఒక బ్యాంకు విరుదునగర్ ప్రాంతీయ కార్యాలయంలో రెండవ శ్రేణి సాంకేతికాధికారిని. యంత్రాల కోసం అప్పు అడిగేవారి అంచనాలను సరిచూడటం, బిగింపు ముగిశాక వెళ్లి కొలిచి ‘పని పూర్తయినది’ అని ధ్రువపత్రం ఇవ్వడం నా విధులు. ఆ పత్రం అందితేనే అప్పులో ఆఖరి వాయిదా విడుదలవుతుంది. అంతకుముందు పదకొండేళ్లుగా నేను కొలిచినవన్నీ అరుప్పుకోట్టై మరమగ్గాలు, నూలు మిల్లుల మోటార్లు. అవి కాంక్రీటు దిమ్మెల మీద ఉంటాయి, కదలవు. ఆ రోజు నా బల్ల మీదికి వచ్చిన ఫైలు ఒక పడవది.

పడవ యజమాని అంతోణి వేంబారు తీరవాసి. నలభై అయిదు అడుగుల చెక్క పడవ, వయస్సు పందొమ్మిదేళ్లు. పాత ఇంజను నూనె తాగుతోంది, కొత్తది కావాలి. ఇంత పాత పడవకు కొత్త ఇంజను దేనికని అడిగాను. అంతోణి తమిళంలో ఇచ్చిన జవాబును నేను డైరీలో తెలుగులో రాసుకున్నాను: కొత్త పడవ ఎక్కడ కారుతుందో తనకు తెలియదు, దీనిది తెలుసు.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మా తీరంలో మరపడవల వేటకు నిషేధం. జూన్ 15 తెల్లవారుజామున పడవలన్నీ ఒకేసారి బయలుదేరతాయి. రెండు నెలలు వల తగలని చేప మొదటి వారంలో విరివిగా పడుతుంది. పనివాళ్లకు జీతం ఉండదు, పట్టిన చేపలో వాటా ఉంటుంది. కనుక ఆ తెల్లవారుజామున కదలని పడవను వాళ్లు వదిలేస్తారు. అంతోణికి ఆరుగురు పనివాళ్లు. ఆ ఆరుగురు నిలవాలంటే ఇంజను జూన్ 15కు తిరగాలి.

బిగింపు పని కోవిల్‌పట్టిలో ఇంజన్ల మరమ్మతు షాపు నడిపే గురుసామికి దక్కింది. ఆయన మా అమ్మ తమ్ముడు. బంధుత్వాన్ని ఫైలులో నమోదు చేసి, ప్రధాన మేనేజరు అనుమతి తీసుకున్నాను. మామ పొలం బావుల ఇంజన్లతో మొదలుపెట్టి, ముప్పై ఏళ్లుగా పడవల ఇంజన్లు కూడా చూస్తున్నాడు. మేమిద్దరం మా ఇంటి భాష తెలుగులో మాట్లాడుకున్నప్పుడల్లా అంతోణి పని ఆపి మా వైపు చూసేవాడు. ఒకసారి, ధర గురించేనా అని అడిగాడు. కాదన్నాను. నమ్మలేదు.

నా మొదటి అంచనా 6,85,000 రూపాయలు. గేరుపెట్టెతో కలిపి ఇంజను 6,40,000, బిగింపు కూలి 45,000. మిల్లు మోటారుకైతే ఈ లెక్క చాలు. మే 4న పాత ఇంజనును పైకి లేపగానే దాని కింది దూలాలు నూనెలో నాని చివికిపోయినట్టు తేలింది. దూలాలు, వడ్రంగి కలిపి 84,000. ప్రొపెల్లరును తిప్పే పాత షాఫ్టు కొత్త గేరుపెట్టెకు సరిపడలేదు, కొత్త షాఫ్టు 52,000. షాఫ్టు మారితే ప్రొపెల్లరు మారాలి, 38,500. షాఫ్టు పడవలోంచి బయటికి పోయే చోట ఉండే బుష్షు 11,200. పొగ గొట్టం, చల్లార్చే నీటి గొట్టాలు 27,300. పడవను ఒడ్డుకు లాగి తిరిగి దించడం 18,000. మొత్తం 9,16,000.

"అల్లుడూ, నువ్వు ఒక్క పన్ను పెరకమన్నావు, నేను దవడ మార్చినా" అన్నాడు మామ.

పెరిగిన 2,31,000లో లక్షకు అదనపు అప్పు మంజూరు చేయించాను. పాత ఇంజను 70,000కు అమ్ముడుపోయింది. మిగిలిన 61,000 అంతోణి కొత్త వల కోసం దాచినది.

జూన్ 8, గురువారం, ధ్రువపత్రం కోసం వెళ్లాను. పడవ ఇంకా ఒడ్డున దిమ్మెల మీదే ఉంది. ఇంజను చివర ఒక గుండ్రని బిళ్ల, షాఫ్టు చివర మరొక బిళ్ల ఉంటాయి. రెండూ ఎదురెదురుగా, ఒకే మధ్యగీతలో నిలవాలి. తేడా మిల్లీమీటరులో పదోవంతు దాటకూడదు. డయల్ గేజీ పెట్టి నాలుగు చోట్ల కొలిచాను. గరిష్ఠ తేడా 0.05. పదకొండేళ్లలో నేను చూసిన అత్యుత్తమ బిగింపుల్లో అది రెండవది.

సంతకం చేయబోతుంటే అంతోణి అడ్డు వచ్చాడు. పడవ రెండు నెలలు ఎండలో ఎండింది, ముందు నీళ్లు తాగనివ్వాలి, ఆ తరువాత కొలవాలి అన్నాడు. బ్యాంకు నియమం ప్రకారం యంత్రాన్ని ‘వాడకానికి ముందు’ పరీక్షించాలి. పడవను నీళ్లలో దించడమంటే వాడకం మొదలైనట్టేనని నా వ్యాఖ్యానం. దాన్ని ఆయనకు వివరించాను. అంతోణి మామ వైపు చూశాడు. మామ నా వైపు చూశాడు.

"ఆయన సెప్పేది సరే అల్లుడూ. రెండు దినాలు ఊరనీ."

"సర్క్యులర్‌లో ఊరడం గురించి లేదు మామా."

"సర్క్యులర్ రాసినోడు బోటు ఎక్కిండాడా?"

"ఎక్కలేదనుకుంటాను."

"సరే. నువ్వు ఆఫీసరు, నేను స్పానర్ పట్టేవాడిని. రాసుకో."

మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి సంతకం చేశాను. ఆఖరి వాయిదా మరునాడే విడుదలైంది.

జూన్ 13 ఉదయం పడవను దించారు. ఎండిన చెక్కల సందుల్లోంచి మొదటి రోజంతా నీరు ఊరింది. తోడిపోశారు. చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాయి. అది ఏటా జరిగేదేనట. జూన్ 14 ఉదయం తొమ్మిదిన్నరకు ఇంజను నడిపి చూశాం. వేగం పెంచగానే పడవంతా వణికింది. షాఫ్టు బయటికి పోయే చోట చెయ్యి పెట్టలేనంత వేడి. పదో నిమిషంలో, రెండు బిళ్లలను కలిపే నాలుగు బోల్టులలో రెండు తెగాయి.

అంతోణి ఇంజను ఆపి, ధ్రువపత్రం సరిగ్గానే ఉంది కనుక రేపు దాన్నే తోలుకుపోతామన్నాడు. పనివాళ్లు నవ్వారు. వారిలో ఇద్దరు అన్నం క్యారియర్లు తీసుకుని పక్క పడవ ఎక్కారు. మిగిలిన నలుగురు మధ్యాహ్నం దాకా చూస్తామన్నారు.

గేజీ పెట్టాను. తేడా 1.7 మిల్లీమీటర్లు. దిమ్మెల మీద ఎండినప్పటి ఆకారం వేరు, నీళ్లలో తేలుతున్నప్పటి ఆకారం వేరు. నేను కొలిచినది మొదటిదాన్ని.

"నల్లరేగడిలో పుట్టిండావు" అన్నాడు మామ. "మీ అవ్వ ఇంటి తలుపు కార్తీక వానకి నేల ఉబ్బి బిగుసుకుంటే ఎవరన్నా కొయ్య గీసే రందా పట్టుకునొస్తారా? తై మాసంలో నేల ఎండేదాకా ఊరక ఉంటారు కదా. నేల నీల్లు తాగేది తెలిసినోడికి కొయ్య తాగేది తెలీదా?"

తెలుసు. ఎట్టయాపురం పక్కన మా ఊళ్లో ప్రతి ఇంటికీ అలాంటి తలుపు ఒకటి ఉంది. ఉద్యోగంలో దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

ధ్రువపత్రం అమలులో ఉండగా, ఇంజనును దూలాలకు బిగించే పాదాలను సడలించడానికి మామకు అధికారం లేదు. పది గంటల అయిదు నిమిషాలకు నా ధ్రువపత్రాన్ని రద్దు చేస్తున్నట్టు చేతితో రాసి, ఫోటో తీసి ప్రధాన మేనేజరుకు పంపాను. తప్పు కొలిచినవాడిదని, బిగించినవాడిది కాదని అందులో రాశాను. పది నలభైకి జవాబు వచ్చింది: "వివరణ సమర్పించండి." పని ఆపమని అందులో లేదు. మొదలుపెట్టాం.

ఇంజను పాదాల కింద పలుచని ఉక్కు రేకులు చొప్పించి ఎత్తు సరిచేయాలి. రేకులు కోయించడానికి కోవిల్‌పట్టికి మనిషిని పంపాలా అని అడిగాను. మామ సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. అందులో రేకులు మందాల వారీగా కోసి, కట్టలు కట్టి ఉన్నాయి. రెండు కొత్త బోల్టులు కూడా ఉన్నాయి.

"ఎప్పుడు కోశావు?"

"నువ్వు సంతకం పెట్టిన మరుసటి దినం."

"ముందే చెప్పి ఉంటే?"

"సెప్పినా కదా. నువ్వు సర్క్యులర్‌లో ఊరేది లేదంటివి."

నేను చదివే అంకెను బట్టి మామ ఒక్కొక్క రేకే చొప్పించాడు. దీపం అంతోణి పట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు తేడా 0.6. నలుగురు పనివాళ్లు అప్పటికి భోంచేసి వచ్చి గట్టున కూర్చున్నారు. సాయంత్రం అయిదు యాభైకి 0.08. ఇంజను నడిపాం. వణుకు లేదు. షాఫ్టు దగ్గర చెయ్యి పెట్టి అరవై లెక్కపెట్టాను. అంతోణి కూడా చెయ్యి పెట్టాడు, కానీ లెక్కపెట్టలేదు. గట్టు మీది నలుగురూ లేచి మంచు పెట్టెలు ఎక్కించడం మొదలుపెట్టారు.

జూన్ 15, గురువారం ఉదయం అయిదు గంటల పన్నెండు నిమిషాలకు, బయలుదేరిన పడవల్లో చివరి నుంచి మూడవదిగా అంతోణి పడవ కదిలింది.

ఈ అనుభవం నేర్పినవి రెండు. పాత పడవలో ఇంజను ధర మొత్తం ఖర్చులో పదింట ఏడు వంతులు మాత్రమే. తక్కిన మూడు వంతులు ఎక్కడ దాగి ఉన్నాయో పడవలో నీళ్లు తోడేవాడిని అడగాలి. రెండవది, యంత్రాన్ని అది పనిచేసే చోటనే కొలవాలి. పడవకు ఆ చోటు నీళ్లు.

పోయినవి: బోల్టులు రెండు. పనివాళ్లు ఇద్దరు, తిరిగి రాలేదు. అంతోణి కొత్త వల, ఆ ఏడాదికి. నా ఇంక్రిమెంటు ఒకటి. రెండున్నర పేజీల వివరణ, ఫైలులో ఉంది.

నిలిచినవి: పడవ. షాఫ్టు. పనివాళ్లు నలుగురు. మామ షాపు పేరు. ధ్రువపత్రం నమూనాలో మరుసటి ఏడాది చేర్చిన ఒక గడి, ‘నీట దింపిన రెండు దినముల తరువాతి కొలత’.