సైడిచ్చినందుకు ఫెయిలయ్యాను

మా వైపు ఎవరికైనా బండి నేర్పేటప్పుడు మొట్టమొదట రోడ్డు దిగడం నేర్పుతారు. కొత్తగూడెం నుంచి అడవి గుండా మా ఊరి మీదుగా పోయే రోడ్డు నిండా బొగ్గు టిప్పర్లే. వెనక హారన్ వినబడిందంటే ఏమొస్తోంది, ఎంత దూరంలో ఉంది అని చూస్తూ కూర్చోకూడదు. ఎడమ పక్క మొరం మట్టిలోకి దిగి, కాలు కింద ఆనించి, మొహానికి చున్నీ అడ్డం పెట్టుకోవాలి. టిప్పర్ పోయి దుమ్ము తగ్గాక మళ్లీ రోడ్డెక్కాలి. చిన్నప్పుడు సైకిల్ నేర్పిస్తూ మా నాన్న ఒకటే మాట చెప్పేవాడు: "ముందు దిగు బిడ్డా, దిగినంక చూడు." నలభై ఏళ్లు దగ్గర పడేసరికి ఆ మాట నా కాళ్లలోకి ఇంకిపోయింది. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలో ఆ కాళ్లే నన్ను ముంచాయి.

నేను అడవిలో ఒక గూడెం పక్కనున్న ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో లెక్కలు చెబుతాను. కాంట్రాక్టు ఉద్యోగం. వానాకాలంలో వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయి, మట్టి పోసి దారైతే చేశారు గానీ బస్సు మాత్రం మళ్లీ రాలేదు. అప్పటి నుంచి మా ఆయనే రోజూ పొద్దున మోటార్ సైకిల్ మీద దింపి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవాడు. చేలో మందు కొట్టాల్సిన రోజు కూడా రావాల్సి వచ్చేది. దారంతా ఆయన మాట్లాడేవాడు కాదు. ఆ మౌనం వినలేక చచ్చేదాన్ని.

అత్తమ్మ మాత్రం మౌనంగా ఉండే మనిషి కాదు. "పత్తి తీసే కాలంల మొగోడు బడి చుట్టూ తిరుగుడేంది? ఉంటే ఉండె, పోతే పాయె ఆ నౌకరి" అనేది, నేను వినేటట్టుగా.

ఇంట్లో స్కూటీ ఉంది. ఊళ్లో పాల కేంద్రం దాకా నేనే నడిపేదాన్ని. అడవి రోడ్డుకు మాత్రం మా ఆయన ఒప్పుకోలేదు. "లైసెన్స్ లేకుండ ఏమన్నయితే ఇన్సూరెన్స్ గూడ రాదు. దసరా సెలవులదాక నేను దింపుత. సెలవులైనంక నాతోని కాదు. గప్పటికి లైసెన్స్ వస్తే పో, రాకుంటే ఇంట్ల ఉండు" అన్నాడు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఇంకా మండింది. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు నా క్లాసులో తెలుగులో నాతో పోట్లాడి మరీ లెక్క తేల్చుకుంటారు. రోజు మొత్తంలో నా మాటకు ఎదురు ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగేవాళ్లు వాళ్లొక్కరే. దాన్ని ఒక ప్లాస్టిక్ కార్డు కోసం వదులుకోవాలా?

లర్నర్స్ పరీక్ష కంప్యూటర్ మీద ఇట్టే అయిపోయింది. అసలు పరీక్షకు ఎనిమిది అంకె ఆకారంలో గీసిన ట్రాక్ మీద బండి నడపాలి. గీత దాటకూడదు, కాలు కింద పెట్టకూడదు. మా పత్తి మార్కెట్ ఆవరణలో ముగ్గుపిండితో ఎనిమిది గీసుకుని ఎన్నిసార్లు తిరిగానో. కళ్లు మూసుకున్నా తిరగగలననుకున్నాను.

పరీక్ష రోజు సగం ఎనిమిది సాఫీగా అయిపోయింది. అంకె నడుము దగ్గర మలుపు తిప్పుతుంటే, పక్కన కార్లకు పెట్టిన ట్రాక్ మీద ఎవడో హారన్ కొట్టాడు. నాకు తెలియకుండానే బండి ఎడమకు వాలింది. ట్రాక్ దిగాను, కాలు ఆనించాను, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నా దగ్గరికి వచ్చి, "ఏమైందమ్మా, బండి ఆగిపోయిందా?" అన్నాడు.

"లేదు సార్. సైడిచ్చిన."

లైన్లో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎవరికమ్మా? ఇక్కడ నువ్వొక్కదానివే ఉన్నవ్" అని ఫెయిల్ రాసుకుని తరువాతి మనిషిని పిలిచాడు.

ఏడుపొచ్చింది. మా రోడ్డు మీద అలా దిగనివాళ్ల ఫొటోలు ఇళ్లల్లో దండలతో వేలాడుతున్నాయి సార్ అని చెప్పాలనుకున్నాను. ఎవరికి చెబుతాం? ప్రాణం కాపాడే అలవాటే అక్కడ తప్పు. ఆ తప్పును దిద్దుకుంటేనే, ప్రాణం మీదికొచ్చే రోడ్డెక్కడానికి అర్హత.

రెండోసారి స్లాట్ దొరికేసరికి దసరా నెత్తి మీదికొచ్చింది. ఈసారి హారన్ వినబడినా దిగకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లాను. ఆ రోజు ఒక్క హారనూ మోగలేదు. ఎప్పుడు మోగుతుందా అని చెవులు వెనక్కి పెట్టి నడిపాను. మోగనందుకే భయమేసి, మలుపులో మరీ నెమ్మది చేస్తే బండి ఊగింది. కాలు పెట్టేశాను. నాకు నా మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంటికొచ్చి హెల్మెట్ మంచం మీదికి విసిరేశాను.

మూడోసారికి మా ఆయనే తీసుకెళ్లాడు. సెలవులు ఇంక రెండు రోజుల్లో అయిపోతాయనగా దొరికిన స్లాట్ అది. ఆయన గేటు దగ్గర నాకు టీ ఇప్పించి, "జల్దీ ఏం లేదు, నిమ్మళంగ నడుపు" అన్నాడు. ఆ ఒక్క మాటకే కడుపు నిండిపోయింది.

ట్రాక్ ఎక్కగానే హెల్మెట్‌లో ఎనిమిదో ఎక్కం మొదలుపెట్టాను, పైకే. ఎనిమిది ఒకట్ల ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు. నా గొంతు నాకే గింగురుమంటుంటే బయట హారన్ మోగినా వినబడదు కదా. మోగిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు దగ్గర ట్రాక్ అయిపోయింది.

"ఏం చదివినవమ్మా, మంత్రమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎక్కం సార్."

ఆయన తల అడ్డంగా ఊపి పాస్ చేశాడు. బయటికి రాగానే మా ఆయన, "మంచిగ తిప్పినవ్" అన్నాడు. ఎందుకో నా మొహంలోకి చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

కార్డు పోస్టులో రావాలి గానీ ఫోన్లో లైసెన్స్ కనబడుతోంది. బడి తెరిచిన రోజు పొద్దున్నే స్కూటీ తీశాను. దారిలో రెండుసార్లు హారన్ వినబడితే రెండుసార్లూ బుద్ధిగా మొరంలోకి దిగాను. టిప్పర్లు నన్ను దాటి పోయాయి. దుమ్ములో నిలబడి నవ్వుకున్నాను కూడా.

హెడ్మాస్టర్ మేడం వరండాలోనే ఉంది. నన్ను, నా బండిని మార్చి మార్చి చూసింది.

"ఏంది టీచర్, మీరు మానేస్తున్నరని మీ ఆయన ఫోన్ చేసి చెప్పిండు గదా. ఇంకో టీచర్‌ను ఇయ్యాల రమ్మన్న."

"ఎప్పుడు చేసిండు మేడం?"

"సెలవులిచ్చిన మర్నాడే. లైసెన్స్ రాలేదట గదా, ఇగ రాదన్నడు."

అంటే మూడో పరీక్షకు ముందే. నాకు టీ ఇప్పించిన మనిషి, నిమ్మళంగా నడుపమన్న మనిషి, అప్పటికే నా ఉద్యోగం మానిపించి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఫోన్ బయటికి తీశాను. ఆయనకు ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామనిపించింది. లోపల ఎనిమిదో తరగతి పిల్లలు నన్ను చూసి కిటికీల దగ్గర గుమిగూడారు. ఫోన్ బ్యాగులో వేసేశాను.

"మానేసింది ఆయన మేడం, నన్ను దింపుడు. నేను గాదు."

మేడం తన ఫోన్ చేతిలోకి తీసుకుంది. "అయితే ఆమెకు రావద్దని చెప్త. మీరు క్లాసుకు పోండి" అంది.

వెళ్లాను.