‘భయపడకండి’ అన్న పసుపు చీటీ

కెటోలా టౌన్‌షిప్‌లో ఆర్విడ్ లాటెలా గురించి చెప్పుకునే మాటల్లో చాలావరకు నిజం లేదు. అతను రాసిన ప్రోగ్రాములోనే వైరస్ ఉందని కొందరంటారు. లేదు, ఆ ప్రోగ్రాము తన పని తాను సక్రమంగానే చేసింది. ఎక్కడో కూర్చున్న దొంగలు బిగించిన తాళాన్ని అతనొక్కడే బద్దలుకొట్టాడని పెట్రోలు బంకు దగ్గర ఇంకొందరంటారు. అతను ఏ తాళాన్నీ బద్దలుకొట్టలేదు. కొట్టడం తనకు చేతకాదని అడిగినవారికల్లా చెబుతూనే ఉన్నాడు. భార్య లోయిస్ చెవి మెలిపెట్టి టౌన్‌షిప్ సభకు ఈడ్చుకొచ్చిందన్నది మరో మాట. వీటన్నిటికన్నా తీయనిది, అందుకే ఎక్కువమంది నమ్మేది ఒకటుంది: టౌన్‌షిప్ గుమస్తా వెర్నా పెల్టోను కాపాడటానికి, తాను చేయని తప్పును నెత్తిన వేసుకున్నాడని. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆర్విడ్ తల దించుకుని కాఫీ కప్పులోకి చూస్తాడు.

అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన, ఇనుప గనుల ఆఫీసులో కంప్యూటర్ల గదిని ముప్పై ఒక్క ఏళ్లు చూసుకుని ఆర్విడ్ ఉద్యోగ విరమణ చేశాడు. తరువాత అతనికి రెండు వ్యాపకాలు మిగిలాయి. మొదటిది, ఇంటర్నెట్‌లో ప్రోగ్రామర్లు కలుసుకునే ఒక చర్చావేదిక. ఒకరి కంప్యూటరులో పనిచేసే ప్రోగ్రామును ఎలా కట్టాలి, దొంగల చేతిలో పడకుండా ఎలా కాపాడాలి, పదిమంది కంప్యూటర్లకు ఎలా చేర్చాలి అని ప్రపంచం నలుమూలల నుంచి అడిగేవారికి అతను జవాబులు రాసేవాడు. జవాబులు సరైనవే. వాటి గొంతు మాత్రం బడిలో బెత్తం పట్టిన పంతులుది. ‘మీ ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం లేకపోతే దాన్ని ఎవరి ఇంటికీ పంపకండి’ అని అతను కనీసం రెండు వందల సార్లు రాసి ఉంటాడు.

రెండోది, ఆ ఊరి పంచాయతీ అయిన టౌన్‌షిప్ కోసం రాసిన మంచు జాబితా. భారీగా మంచు పడిన రోజున దారి మొట్టమొదట ఎవరి ఇంటికి తీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాము అది. డయాలసిస్‌కు వెళ్లేవారు, ఆక్సిజన్ సిలిండరు మీద ఉన్నవారు, నెలలు నిండిన గర్భిణులు అందులో ఉంటారు. గాలి గట్టిగా వీస్తే చాలు ఆ ఊళ్లో ఇంటర్నెట్ పోతుంది గనుక దాన్ని టౌన్‌షిప్ హాలులోని కంప్యూటరులోనే ఉంచాడు. వెర్నా దాన్ని తెరిచి, ఒక కాగితం అచ్చు తీసి, రోడ్ల మీది మంచు తోసే మంచుబండిని నడిపే డ్యుయేన్ స్కుబిక్ చేతికిచ్చేది. డ్యుయేన్ పని ముగించి, ఆ కాగితంతోనే ఇంట్లో పొయ్యి రాజేసేవాడు.

ఆ ప్రోగ్రాముకు సంతకం లేదు.

ప్రోగ్రామును రాసినది ఎవరో కంప్యూటరుకు రుజువు చేసే ఆ సంతకం కావాలంటే ఒక కంపెనీకి గుర్తింపు కాగితాలు పంపాలి. అక్కడినుంచి ఒకరు ఫోను చేసి, మీరు నిజంగా మీరేనా అని అడుగుతారు. ఆర్విడ్‌కు ఒళ్లు మండింది. “అరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. నేను ఉన్నానో లేనో చెప్పడానికి ఇంకెవడో కావాలా?” అన్నాడు. చలికాలంలో ట్రక్కు తాళంచెవిని ట్రక్కులోనే వదిలేసే ఊరది. అడ్డొస్తే మంచుబండివాడు దాన్ని పక్కకు జరుపుకోవాలి కదా. తాళంచెవి జేబులో వేసుకున్నవాడు ఇరుగుపొరుగును శంకిస్తున్నట్టు లెక్క. తాళాలు వేయని ఊళ్లో కూర్చుని లోకమంతటికీ తాళాలు వేయడం నేర్పుతున్నానని ఆర్విడ్ తనమీద తానే జోకు వేసుకునేవాడు. ఆ జోకులో ఎంత నిజముందో అప్పటికి అతనికి తెలియదు.

సంతకం లేని ప్రోగ్రామును అతను సరిదిద్దిన ప్రతిసారీ కంప్యూటరు ఊరుకోదు. నీలిరంగు తెర ఒకటి అడ్డం వచ్చి, దీన్ని రాసినవారెవరో తెలియదు, జాగ్రత్త అంటుంది. మొదటిసారి వెర్నా బెదిరిపోయి ఫోను చేసింది. ఆర్విడ్ వెళ్లి, ఒక పసుపు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, తెర అంచున అంటించి వచ్చాడు:

‘నీలం తెర వస్తుంది. భయపడకండి. ‘మరింత సమాచారం’ నొక్కండి. తరువాత ‘అయినా సరే నడుపు’ నొక్కండి. —ఆర్విడ్.’

నాలుగేళ్లు ఆ చీటీ అక్కడే ఉంది. నాలుగేళ్లు వెర్నా భయపడలేదు.

మార్చి మొదటి శుక్రవారం ఉదయం, ప్రింటరుకు కొత్త ప్రోగ్రాము వచ్చిందంటూ ఆమెకు ఒక ఈమెయిలు వచ్చింది. తెరిచింది. నీలం తెర వచ్చింది. ఆమె పసుపు చీటీ వైపు చూసింది. అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. పావుగంటలో టౌన్‌షిప్ ఫైళ్లన్నిటికీ ఎవరో తాళం వేసేశారు. మంచు జాబితా కూడా అందులోనే పోయింది. దాని నకలు కోసం ఆర్విడ్ పెట్టిన వేరే డిస్కు కూడా, అతనే గుచ్చి వదిలేసినందువల్ల, అదే కంప్యూటరుకు అతుక్కుని ఉండి దాంతోపాటే పోయింది. ‘నకలు డిస్కును పని కాగానే తీసి వేరేచోట పెట్టండి’ అన్నది చర్చావేదికలో అతని మరో సుభాషితం.

ఆర్విడ్ హాలుకు వచ్చేసరికి వెర్నా కాఫీ కలపడానికి లోపలి గదిలోకి వెళ్లి ఉంది. డబ్బు కడితేనే ఫైళ్లు తెరుస్తామంటున్న ఎర్రటి తెరను అతను చూశాడు, ఈమెయిలును చూశాడు, చీటీని చూశాడు. ఏం జరిగిందో అర్థం కావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. మరుక్షణం అతని చేయి, అతన్ని అడగకుండానే అన్నట్టు, చీటీని పీకి చొక్కా జేబులో పెట్టుకుంది. ఆ రోజు అతను మొట్టమొదట చేసిన మరమ్మతు అదే.

వెర్నా రెండు కప్పులతో వచ్చింది. తెర అంచును వేలితో తడిమి చూసింది.

“ఇక్కడ నీ చీటీ ఉండాలి కదా ఆర్విడ్?”

“ఏ చీటీ?” అన్నాడు ఆర్విడ్.

ఆమె కాసేపు బల్లకింద వెతికి, “నాకే మతి పోతున్నట్టుంది,” అని గొణుక్కుంది.

శనివారం సాయంత్రానికి అతను కంప్యూటరును పూర్తిగా తుడిచి, ప్రోగ్రామును తిరిగి పెట్టాడు. గిన్నె తోమి బోర్లించినంత శుభ్రంగా ఉంది. అందులో అన్నమే లేదు. పేర్లు నింపడానికి ఇద్దరూ కూర్చున్నారు.

“మొత్తం పదిహేడు ఇళ్లు అనుకుంటా,” అంది వెర్నా.

“పదహారు. రాసినవాణ్ని నేను, నాకు తెలీదా?”

“అక్టోబరులో ఎవరినో ఎక్కించాం...”

“వెర్నా, నిన్నంతా నీకు కంగారు. పదహారే.”

చీటీ సంగతిలో తన మతిమీద తనకే నమ్మకం పోయిన మనిషి ఆమె. వాదించలేదు.

ఆదివారం పొద్దుగుంకాక మొదలైన మంచు సోమవారానికి పద్నాలుగు అంగుళాలు పడింది. డ్యుయేన్ పదహారు ఇళ్లకు దారి తీశాడు. పదిహేడో ఇల్లు ఇర్మా కోస్కీది. ఎనభై ఒక్క ఏళ్ల ఆవిడ అక్టోబరులోనే చెల్లెలి ఇంటికి, చెరువు అవతలకు మారింది. పది గంటలకు డయాలసిస్‌కు చేరవలసినది, మూడున్నరకు చేరింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఆ అయిదున్నర గంటలు కిటికీ దగ్గర కోటు వేసుకుని కూర్చున్నది ఆవిడే.

బుధవారానికి ఊరంతా ఒకటే మాట: నొక్కకూడనిది నొక్కింది వెర్నా, పేరు మరిచింది వెర్నా, గుమస్తాను మార్చాలి. మరుసటి మంగళవారం టౌన్‌షిప్ వార్షిక సభ. పందొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని ఉంటుందో పోతుందో అక్కడ తేలుతుంది.

ఆర్విడ్ తన తరఫున లాయరులా వాదించేవాడు ఎవడైనా దొరుకుతాడేమోనని వెతికాడు. దొరికే చోటు అతనికి ఒక్కటే తెలుసు. ‘మంచుగుడ్లగూబ’ అనే కొత్త పేరుతో చర్చావేదికలో ప్రవేశించి ఒక ప్రశ్న వేశాడు: కంప్యూటరు హెచ్చరించినా వాడేవారు ‘అయినా సరే నడుపు’ నొక్కితే, తప్పు వారిదా, ప్రోగ్రాము రాసినవాడిదా? తొమ్మిది నిమిషాల్లో ప్రశ్నను మూసేశారు. ‘దీనికి ఇదివరకే జవాబుంది’ అని కింద ఒక లింకు పెట్టారు. ఒకే ప్రశ్నను రెండోసారి అడగనివ్వకూడదన్న నియమం కోసం అక్కడ ఏడేళ్ల కిందట పోట్లాడినవాడు ఆర్విడే.

లింకు నొక్కాడు. జవాబు రాసినది ఆర్విడ్ లాటెలా.

‘ఒక హెచ్చరికను దాటడం మీరు నేర్పితే, అన్ని హెచ్చరికలనూ దాటడం నేర్పినట్టే. ఆ తరువాత లోపలికి ఏది వచ్చినా మీరు తెరిచిన తలుపులోంచే వచ్చింది. వాడేవారిని నిందించకండి; అది మర్యాద కాదు.’ నాలుగు వందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. ఆర్విడ్ దాన్ని పరాయివాడి రాతలాగా రెండుసార్లు చదివాడు. రాసినవాడికి కాస్త పొగరెక్కువని తోచింది. వాదనలో మాత్రం సూది దూరే సందు కూడా దొరకలేదు.

మంగళవారం ఉదయం అతను వంటింట్లోకి వచ్చేసరికి, కాఫీ ఫ్లాస్కు మీద పసుపు చీటీ అంటించి ఉంది. లోయిస్ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

“ఇదెక్కడిది?” అన్నాడు.

“నీ చొక్కా జేబులోది. ‘భయపడకండి, ఆర్విడ్.’ పెళ్లికి ముందు నాకూ ఇదే చెప్పావు.”

“లోయిస్...”

“నేనేం అనడం లేదు బాబూ. ఇన్నాళ్లూ వెర్నా నిన్ను అడగలేదా?”

“అడిగింది.”

“ఏం చెప్పావు?”

అతను చెప్పాడు. లోయిస్ మడతపెట్టడం ఆపేసింది.

“నలభై రెండేళ్లలో నీతో విసిగిపోయాను గానీ, సిగ్గుపడింది మాత్రం ఇదే మొదలు,” అంది. “దాన్ని పారేస్తావో, దాచుకుంటావో నీ ఇష్టం. నేను ఎవరికీ చెప్పను. చెప్పనని నీకూ తెలుసు. నీకు కష్టం అదే.”

ఊరు చెప్పుకునే చెవి మెలిపెట్టడమంటే ఇంతే. సభకు అతను ఒక్కడే తన ట్రక్కులో వెళ్లాడు.

హాలులో అరవై ఒక్క మంది ఉన్నారు. అంతమంది ఎప్పుడూ రారు. మడత కుర్చీలు చాలక, డ్యుయేన్ స్కుబిక్ కాఫీ బల్ల పక్కన గోడకు ఆనుకున్నాడు. బోర్డు అధ్యక్షుడు గ్లెన్ మట్టిలా రోడ్ల సంగతి, చెత్త సంగతి ముగించి గొంతు సవరించుకున్నాడు.

“వెర్నా గారూ, మీరేమైనా చెబుతారా?”

వెర్నా లేచింది. “నొక్కింది నేనే. ఒక చీటీ చూసి నొక్కాననుకున్నాను. అలాంటిదేమీ లేదేమో. నాకు అరవై నిండుతున్నాయి. ఇల్లు మరిచిపోయినందుకు ఇర్మా గారికి క్షమాపణ.” తిరిగి ఇచ్చేయడానికి గుమస్తా తాళాల గుత్తి అప్పటికే ఆమె చేతిలో ఉంది.

“ఆర్విడ్ గురువుగారు రాత్రింబవళ్లు కూర్చుని బాగుచేశారు కాబట్టి సరిపోయింది,” అన్నాడు డ్యుయేన్. “లేకపోతే నేను గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయేవాణ్ని.”

అందరూ ఆర్విడ్ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పొగడ్త అంటే చెవి కోసుకునే మనిషి అతను. ఆ ఒక్కసారి మాత్రం ప్రతి చప్పుడూ చెంప మీద పడినట్టే ఉంది. లేచాడు. జేబులోంచి చీటీ తీసి గ్లెన్ ముందున్న బల్ల మీద అంటించాడు. జిగురు ఆరిపోయి అది అంటలేదు. వేలితో నొక్కి పట్టుకునే మాట్లాడవలసి వచ్చింది.

“వెర్నా చూసిన చీటీ ఇది. నేను రాశాను. నీలం తెర వస్తే దాటిపొమ్మని నాలుగేళ్లు నేర్పాను, ఆమె నేర్చుకుంది. శుక్రవారం దీన్ని నేనే పీకాను. ఏదని అడిగితే, ఏ చీటీ అన్నాను. పదిహేడు ఇళ్లని ఆమె అంది, పదహారని నేను కసిరాను. ఆమెకు మతి పోలేదు. నాకు పోయింది, అదీ తెలిసే.”

 

మొదటి వరుసలోంచి ఇర్మా కోస్కీ చేతికర్ర నేలకు తాటించింది. “ఒరేయ్ ఆర్విడ్, చిన్నప్పుడు మా తోటలో ముల్లంగి దొంగిలించి, కుందేలు తినిపోయిందన్నావు. గుర్తుందా?”

“ఉంది ఆంటీ.”

“అప్పుడు కుందేలు. ఇప్పుడు వెర్నా. కూర్చో.”

నవ్వులు లేచాయి గానీ, వెర్నా నవ్వలేదు. తాళాల గుత్తిని మళ్లీ నడుముకు తగిలించుకుని, ఆర్విడ్ వైపు చూడకుండానే తన కుర్చీలో కూర్చుంది. గ్లెన్ ఓటుకు పెట్టాడు. ఆమె ఉండాలన్నవారు అరవై మంది. ఆ అరవైలో ఆర్విడ్ కూడా ఉన్నాడు. ఓటు వేయనిది వెర్నా ఒక్కతే. తన సంగతిలో తాను ఓటు వేయడం పద్ధతి కాదంది.

ఏప్రిల్‌లో ఆర్విడ్ ప్రోగ్రాముకు సంతకం తీసుకున్నాడు. అతను నిజంగా అతనేనని ఆ కంపెనీకి ఎవరైనా నోటరీ రాసివ్వాలి. టౌన్‌షిప్‌లో నోటరీ వెర్నా ఒక్కతే. ఆమె గుర్తింపు కార్డు చూపించమంది.

“వెర్నా, నేను నీకు తెలీదా?”

“తెలుసు,” అంది వెర్నా. “అందుకే అడుగుతున్నాను.”

అతను కార్డు తీసి చూపించాడు. ఆమె రెండువైపులా తిప్పి చూసి, ముద్ర వేసి ఇచ్చింది.

జరిగింది ఇది. ఆర్విడ్ లాటెలా మంచి ప్రోగ్రాము ఒకటి, చెడ్డ చీటీ ఒకటి రాశాడు. చీటీని దాచి, తనను నమ్మిన మనిషిని పదకొండు రోజులు తన మతిని తానే శంకించుకునేలా చేశాడు. పన్నెండోనాడు బయటపడే భయం లేని సమయాన, అరవై మంది ఎదుట నిజం చెప్పాడు. తప్పు నెత్తిన వేసుకోలేదు. తన తప్పును ఇంకొకరి నెత్తి మీదినుంచి దించాడు. అంతకన్నా ఎక్కువ ఏమీ చేయలేదు, తక్కువా చేయలేదు.