స్టాఫ్ రూమ్ క్యారేజీ

నాది కుళ్ళేనని నేనే ఒప్పుకుంటున్నాను, ఎవరూ చెప్పక్కర్లేదు. కన్నకూతురు తన కష్టం నాకు చెప్పకుండా మా చెల్లెలికి చెప్పుకుంటే ఏ తల్లికైనా కుళ్ళు పుట్టదూ?

ఎనిమిది దాకా అమలాపురం కాన్వెంటులో చదివిన మా అమ్మాయిని, ఆ జూన్‌లో నేను లెక్కలు చెప్పే అల్లవరం వైపు హైస్కూల్లో తొమ్మిదిలో చేర్పించాను. కొత్త పిల్లల బెరుకు పోగొట్టడం నాకు కొట్టినపిండి. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో మా హెడ్మాస్టరుగారు కూడా నన్నే అడుగుతారు. అలాంటి నా కూతురే పదిరోజుల్లో చిక్కిపోయింది. ఏమడిగినా "బానే ఉందమ్మా" అని పుస్తకంలో తల దూర్చేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే మరి.

మా వీధిలోనే ఉండే చెల్లెలి దగ్గరకి మాత్రం, యూనిఫాం కుట్టు సరిచేయించుకోవాలని వెళ్ళి గంటైనా వచ్చేది కాదు. ఒకరోజు పిలవడానికి వెళితే గుమ్మంలోకే నవ్వులు వినిపించాయి. నన్ను చూసి ఇద్దరూ టక్కున ఆగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నవమాసాలూ మోసింది నేను, కబుర్లు దానికా!

అమ్మాయి ఇంటికి వెళ్ళాక చెల్లెల్ని నిలదీశాను.

"ఏం మందు పెట్టేవే నా కూతురికి?"

"చాల్లే అక్కా. మధ్యాహ్నం దాన్ని స్టాఫ్ రూములో నీ పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తున్నావంటగా! పిల్లలందరూ వరండాలో కూరలు మార్చుకుంటుంటే ఇదొక్కతీ టీచర్ల మధ్యన. తమ మాటలు నీకు మోసేస్తదని పిల్లలెవరూ దగ్గరకి రానివ్వట్లేదంట. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు."

ఇన్నేళ్ళూ చల్లారిన డబ్బా అన్నం తిన్న పిల్లకి నా చేత్తో వడ్డించొచ్చని మురిసిపోయాను. ఆ బడికి మార్చింది సగం అందుకే.

మర్నాడు ఇద్దరికీ కలిపి తెచ్చే క్యారేజీ మానేసి, రెండు బాక్సులు విడివిడిగా కట్టి, "నీది నువ్వు పట్టుకెళ్ళు, నీ ఇష్టమొచ్చినచోట తిను" అన్నాను.

"పిన్ని చెప్పిందా?"

"పిన్నెందుకు చెప్పాలే? ఆ మాత్రం నాకు తెలీదా!"

ఆ కాస్త గొప్ప కూడా చెల్లెలికి పోనివ్వలేదు చూడండి.

మొదటి రెండు రోజులూ ఒంటరిగానే తిందట. వారం తిరిగేసరికి దాని నవ్వు వరండాలోంచి స్టాఫ్ రూములోకి వినబడింది. కిటికీలోంచి చూశాను. పొద్దున్నే లేచి నేను చేసిన రొయ్యల వేపుడు పక్కపిల్ల లాగించేస్తోంది. ఇది ఆ పిల్ల డబ్బాలోని చింతకాయ పచ్చడి నాకుతూ లొట్టలేస్తోంది. నా వేపుడికి ఏనాడూ అలా లొట్టలెయ్యలేదు. ఆ ముక్కుపచ్చలారని పిల్ల మీద కూడా కుళ్ళుకున్నాను.

"మీ అమ్మాయి రాట్లేదేంటండీ?" అని పక్క టీచరుగారు అడిగేరు.

"ఆయ్, దానికి స్నేహితులు దొరికేరండి" అన్నాను.

ఆ మర్నాడు దాని బాక్సులో వేపుడు ఇద్దరికి సరిపడా పెట్టాను. నా బాక్సులోకి మిగల్లేదు.